మాట పక్కన లింకు

మీర్‌పేటలోని ఒక నర్సింగ్ హోమ్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజే గొడవైంది. పేషెంట్‌ను ఇంటికి పంపేటప్పుడు నొక్కాల్సిన బటన్ మీద ‘స్రావం’ అని ఉంది. కౌంటర్‌లో వాళ్లు నవ్వి ఊరుకున్నారు కానీ డాక్టరు ఊరుకోలేదు. ఇంకోసారి ఇలాంటిది కనబడితే మీ సాఫ్ట్‌వేరే వద్దన్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్ రాసిన రామ్మోహన్ దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆఫీసుకు రాగానే తిన్నగా ప్రసన్న టేబుల్ దగ్గరికి వెళ్లాడు. స్క్రీన్ మీద కనిపించే ఇంగ్లిష్ మాటల్ని తెలుగు చేసేది ఆమే. చేరి నెల కూడా కాలేదు.

“డిశ్చార్జ్ అంటే స్రావమా అండీ?”

“ఒక్కోసారి అవుతది,” అంది ప్రసన్న తల ఎత్తకుండా. “దాని పైన బ్లీడింగ్ అని ఉండె. రక్తస్రావం అని రాసిన. కిందనే డిశ్చార్జ్ ఉంటే నేనేమనుకోవాలె?”

“ఇంటికి పంపే బటన్ అది.”

“గది నాకెట్ల తెలుస్తది? మీరే కూసోని చూడుండ్రి.”

కూర్చుని చూశాడు. ఒకవైపు ఇంగ్లిష్ మాటలు, ఇంకోవైపు ఖాళీ గడులు. ఏ మాట ఏ పేజీలో వస్తుందో, అది బటనో రోగం పేరో చెప్పే ఆనవాలే లేదు. వచ్చేటప్పుడున్న కోపం పోయింది. సారీ చెప్పి లేచాడు.

ఆ వారమే అతను అనువాదం చేసే టూల్‌ను మార్చాడు. ప్రతి మాట పక్కన ఒక లింకు పెట్టాడు. నొక్కితే ఆ మాట ప్రోగ్రాంలో ఎక్కడుందో ఆ లైన్లు తెరుచుకుంటాయి. ప్రసన్న పెదవి విరిచింది. ఎమ్మే తెలుగు చదివినదానికి ఈ బ్రాకెట్లు ఏం అర్థమవుతాయని అడిగింది. దాంతో అతను రోజూ టీ కప్పుతో వచ్చి పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. బటన్ అని ఉంటే నొక్కేది, లేబుల్ అని ఉంటే ఉత్తగా చదివేది.

కొన్నాళ్లకు ఆమే లైన్లు చూసి, పక్కన వార్డు పేరు ఉంది కాబట్టి అడ్మిట్ అంటే చేర్చుకోవడం, ఒప్పుకోవడం కాదు అని తేల్చేసేది. మీర్‌పేట డాక్టరు మళ్లీ పేచీ పెట్టలేదు. ఇక చెప్పాల్సింది లేకపోయినా రామ్మోహన్ టీ కప్పుతో వస్తూనే ఉన్నాడు. ప్రసన్న కూడా ఎందుకొచ్చారని అడగలేదు.

అంతలో ఇంకో మాట దగ్గర చెడింది. హాస్పిటల్ అన్నచోట ప్రసన్న ‘దవాఖాన’ అని రాసింది. అతను ఆమెకు చెప్పకుండా ‘ఆసుపత్రి’ అని మార్చాడు.

“ఎందుకు మార్చిండ్రు?”

“అందరికీ అర్థమవ్వాలి కదండీ.”

“అందరంటే ఎవరు? మా అమ్మ జ్వరమొస్తే దవాఖానకే పోతది. మీ అందరిల మా అమ్మ లేదా?”

కింద రోడ్డు మీద తెలంగాణ ర్యాలీ పోతోంది. ప్రసన్న తండ్రి బ్రహ్మం పోచంపల్లి నుంచి వచ్చి చీరల షాపు పెట్టుకున్నవాడు, రోజూ సాయంత్రం దీక్షా శిబిరంలో కూర్చుంటాడు. రామ్మోహన్ వాళ్లది గుంటూరు వైపు. ఇద్దరికీ తెలిసిన సంగతే, ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు నుంచి మామూలు మాటలు కూడా ఆగిపోయాయి.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సులు నిలిచిపోయాయి. కొత్తపేట దగ్గర గొడుగు వేసుకుని ఆఫీసుకు నడుస్తున్న ప్రసన్న పక్కన రామ్మోహన్ బైక్ ఆపాడు. ఎక్కమంటే ఎక్కనంది. అతను ఇంజిన్ ఆపేసి, దిగి, బైక్‌ను తోసుకుంటూ పక్కనే నడిచాడు. చినుకులు పెద్దవయ్యాయి. ఆమె కొంతదూరం చూడనట్టే నడిచి, చివరికి గొడుగును కొంచెం అతని వైపు జరిపింది.

“నిన్నంతా మీర్‌పేట కౌంటర్లో కూర్చున్నాను,” అన్నాడు. “వచ్చినవాళ్లలో ఎక్కువమంది దవాఖానే అన్నారు. మీ మాటే మళ్లీ పెట్టాను. అడక్కుండా మార్చడం నా తప్పు.”

“గిది చెప్పనీకి బండి నూకుకుంట వచ్చిండ్రా?”

“కాదు. మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలని ఉంది. అది చెప్పడానికి.”

చైతన్యపురి దాటాక ఆమె గొడుగును ఇంకాస్త అతని వైపు వంచింది.

“నాకు కూడా ఉంది,” అంది. “కానీ మా నాయినతోని మాట్లాడాలె. ఈ రోజులల్ల ఒప్పుకుంటడో లేదో తెల్వదు.”

ఆదివారం రామ్మోహన్ పెళ్లి మాట అడగడానికి ప్రసన్న ఇంటికి వెళ్లాడు. ప్రసన్న తల్లి కనకమ్మ కుర్చీ వేసింది. బ్రహ్మం అతని జీతం సంగతి ఎత్తలేదు.

“మా రాష్ట్రం మాకొస్తే నువ్వేం జేస్తవు? మా బిడ్డను తీస్కొని గుంటూరుకు పోతవా?”

“నేను పుట్టింది ఎల్బీనగర్‌లోనండి. నాకు వేరే ఊరు తెలీదు. ఇక్కడే ఉంటాను.”

“తెలంగాణ రావద్దని ఉందా నీకు?”

రామ్మోహన్ కాస్త తడబడ్డాడు. “మా ఇంట్లో భయపడుతున్నారండి. నేనూ భయపడ్డాను. ఇప్పుడా భయం లేదు. మీరు దేనికోసం అడుగుతున్నారో దవాఖాన అన్న మాట దగ్గర ప్రసన్న నిలదీస్తే తెలిసింది.”

బ్రహ్మం తలుపు పక్కనున్న ప్రసన్న వైపు చూశాడు. కనకమ్మ టీ అందిస్తూ, పిల్లగాడు అబద్ధమైతే చెప్తలేడని భర్తతో అంది.

“సరే, మీ నాయిన్ని రమ్మను,” అన్నాడు బ్రహ్మం. “జర సమ్మె అయిపోనీ, బస్సులు నడవనీ.”

“బస్సులెందుకండీ? నడిచొచ్చే దూరమే.”

బ్రహ్మానికి నవ్వొచ్చింది. మరుసటి ఆదివారం రామ్మోహన్ తండ్రి వెంకటేశ్వరరావు భార్యను వెంటబెట్టుకుని ఎల్బీనగర్ నుంచి నడిచే వచ్చాడు.