ట్యాంకెక్కని ఫోను

"మా ఆయన దొంగ గాదు మేడం," అంటూ ఆరోగ్యమ్మ ఖమ్మంలో డిటెక్టివ్ రాజ్యశ్రీ ఆఫీసుకొచ్చి బావురుమంది. "సాయంత్రం లోపు ఫోను దొరక్కుంటే పని ఊడుతదంట."

భద్రాచలం అడవి అంచున ఉన్న వాళ్ల ఊరికి ఉన్నవల్లా ఒక చర్చి, ఒక రేషన్ షాపు, ఒక నీళ్ల ట్యాంకు. సెల్ సిగ్నల్ ట్యాంకు నెత్తిన తప్ప దొరకదు. అందుకే అందరూ ఫోన్లు బుట్టలో వేసి, తాడుతో పైకి లాగుతారు. రేషన్ డీలర్ వెంకటనారాయణ ఫోను పైనుంచి నెట్ అందిస్తేనే కింద షాపులో వేలిముద్రల మిషను పనిచేస్తుంది. నిన్న బుట్ట దించితే ఆ ఒక్క ఫోనే లేదు. ఈ నెల రేషన్‌కు గడువేమో ఇవాళే. నిచ్చెన గేటు తాళంచెవి ట్యాంకు చూసే ఆరోగ్యమ్మ భర్త అంతోనయ్య దగ్గరుంటుంది గనక అందరూ అతని మీద పడ్డారు.

అసిస్టెంట్ జస్టిన్‌కు ఊళ్లో దిగాక బుర్ర మరీ తిరిగిపోయింది. మొన్న సాయంత్రం నిచ్చెనకు వేసిన పెయింటు నిన్నంతా పచ్చిగానే ఉంది, అయినా దాని మీద ఒక్క అడుగు గుర్తూ లేదు. ఎవరూ ఎక్కలేదు, ఫోను మాయం!

"బుట్టలో పెట్టిందెవరు?" రాజ్యశ్రీ అడిగింది.

"నేనే. రుమాల్ల చుట్టి పెట్టిన. రుమాలొచ్చింది, ఫోను రాలే," అన్నాడు వెంకటనారాయణ.

"రూప్లీ, నీ ఫోను గూడ అండ్లనే ఉండెనా?" రేషన్ కోసం వచ్చి నిలబడ్డామెను అడిగింది.

"అవ్ మేడం. దించేసరికి ఆరు మెసేజ్‌లొచ్చినయ్."

"మరి బుట్ట పైనున్నప్పుడు మిషన్ల వేలు పెట్టినవా?"

"ఎన్నిసార్లో! తీసుకోలే. నెట్‌వర్క్ స్లో అన్నడు డీలరు."

జస్టిన్‌కు ఇందులో ఏముందో తెలియలేదు. రాజ్యశ్రీ మాత్రం సర్పంచితో సహా అందర్నీ రేషన్ షాపు ముందు కూర్చోబెట్టింది.

"ఒకే బుట్టలో రూప్లి ఫోనుకు సిగ్నలొచ్చింది, డీలర్ ఫోనుకు రాలేదు. ఎందుకంటే అది పైకి పోనే లేదు. పోయింది ఖాళీ రుమాలు!"

"మరెందుకు మేడం?" జస్టిన్ ఆగలేకపోయాడు.

"వేలు పడితే బియ్యం ఇయ్యాలె గదా, ఇవాళ గడువు దాటితే అక్కర్లే. బస్తాలు విప్పండి."

ముందు వరసలో బియ్యం, వెనక వరసంతా ఊక. ఆ ఊకలోనే ఫోను దొరికింది.

"ఆ ఫోను ఈసారి నిజంగానే బుట్టలో పెట్టండి," అంది రాజ్యశ్రీ. "ఉన్న బియ్యమన్నా పంచుదురు గాని."

సర్పంచి నిన్న లాక్కున్న తాళంచెవి అంతోనయ్యకు తిరిగిచ్చాడు. అంతోనయ్య ఎవర్నీ పల్లెత్తు మాట అనకుండా బుట్ట పట్టుకుని అందరి ముందుకూ వచ్చాడు.

"ఫోన్లెయ్యిండ్రి. నిన్నటి సంది ఎవరి కబురూ ఎవరికీ అందలే."

రూప్లి చెయ్యి బుట్ట దగ్గర ఆగిపోయింది. "నిన్ను దొంగ అని ముందుగాల నేనే అన్న, అన్నా."

"ఎయ్యమ్మా, జల్దీ ఎయ్యి," అంటూ అతను తాడు లాగాడు.

మిషను రూప్లి వేలు మొదటిసారికే తీసుకుంది.