మేస్త్రీ వేసిన మూత

తొంభై ఏడు ఎండాకాలం. గుడియాత్తం దాటి పేర్ణాంబట్టు పోయే దారిలో, గుట్ట కింద మేస్త్రీ వెంకటేశన్‌కు ఎకరం చేనూ, అందులో నలభై అడుగుల బావీ ఉండేవి. ఆ ఏడే పై దేశాల డబ్బుతో ఒక కంపెనీ దిగింది. ఫ్యాక్టరీ పొగలోని బొగ్గుపులుసు వాయువును గుట్టలో బోరు వేసి రాతి కిందకు తోసి, పైకి రాకుండా పాతిపెడతామంది. ఆ బోరుకు సిమెంటు మూత వేసింది మన వెంకటేశనే.

ఆ గాలి బావుల్లోకి దిగుతుందని ఊరు గోల పెట్టింది. "నా మూత చీమ దూరేంత సందు గూడా ఇయ్యదప్పా!" అని అతడు టీకొట్టు దగ్గర మీసం మెలేశాడు. మూత నిజంగానే భేషుగ్గా ఉంది. చుట్టూ ఉన్న బండ సంగతి మాత్రం అతడికి ఎవరూ చెప్పలేదు, అతడూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం బావిలో పూడిక తీయడానికి తమ్ముడు పాపన్ నడుముకు మోకు కట్టుకున్నాడు. ఆ పక్క ఎవరు బావిలో దిగాలన్నా ముందు వెలిగించిన లాంతరు దింపి చూస్తారు. అది ఆరిపోతే మనిషి దిగడు. వెంకటేశన్ భార్య పుష్పవల్లి లాంతరు పట్టుకొచ్చింది.

"ఇంటికి తీసకపో దాన్ని," అని మేస్త్రీ పళ్లు కొరికాడు. "మూత ఏసిన నేనే నా బావిలో దీపం దింపితే ఊరు నవ్వదా?"

"పోనీలే వదినా, అన్న చెప్పినాడు గదా," అని నవ్వుతూ పాపన్ దిగిపోయాడు. ఆమె గొణుక్కుంటూ లాంతరుతో వెనక్కి వెళ్లింది.

కింద చీకటి. పాచి వాసన. గిలక కిర్రుమంటూ తిరిగి తిరిగి ఆగింది.

"రేయ్ పాపా, ఎట్లుండాది?"

"బాగుండాదన్నా... బండ సందులోంచి చల్లగాలి వస్తా ఉండాది."

పార చప్పుడు వినబడలేదు. మళ్లీ అడిగాడు.

"బాగుండాదన్నా..."

అదే గొంతు. అదే సాగదీత. మూడోసారి అడగడానికి నోరు తెరిచాడు. అడగకముందే వచ్చింది జవాబు.

"బాగుండాదన్నా..."

మోకు లాగాడు. బరువుగా... ఊగకుండా... వచ్చింది.

పాపనే. పెదాలు నీలం. కళ్లు తెరిచే ఉన్నాయి. దిగి పావుగంట కాలేదు, ఒళ్లు అప్పుడే కట్టెలా బిగుసుకుపోయింది. పొద్దున ఎప్పుడో పోయినవాడిలా ఉన్నాడు. పరువు కోసం తోడబుట్టినవాణ్ణి చంపుకున్నానని మేస్త్రీ నేల మీద పడి గుండెలు బాదుకున్నాడు.

అప్పుడు... బావిలోంచి...

"అన్నా... ఎవుర్ని లాగినావు? నేనింకా ఈడనే ఉండా."

మేస్త్రీ శవం నోటికేసి చూశాడు. పెదాలు కదల్లేదు.

"మోకు ఎయ్యన్నా... దీపం వద్దన్నది నువ్వే గదా... ఊపిరాడలేదన్నా..."

అది తమ్ముడు కాదని అతడికి తెలుసు. తెలిసీ ఏడుస్తూ శవం నడుము నుంచి ముడి విప్పాడు. మోకు కిందికి వదిలాడు. ఎవరో అందుకున్నారు.

లాగాడు. కదల్లేదు. కాళ్లు తన్నిపెట్టి మళ్లీ లాగాడు. ఈసారి కదిలింది.

ఆ బరువు ఒక్క మనిషిది కాదు.