నరకకుండానే మాయమైన కలప

ఒక్క చెట్టూ నరకలేదు. కలప మాత్రం మాయమైంది.

పన్నెండేళ్ల పైన్ తోట. కాగితం ప్రకారం చెట్టు మందం సగటున ఇరవై నాలుగు సెంటీమీటర్లు. ఆ లెక్క మీదే పాతికేళ్లకు ఎంత కలప దిగుతుందో, ఎంత లాభం వస్తుందో అంచనా వేసి, జనం చేత డబ్బు పెట్టించారు. నిన్న మళ్లీ కొలిస్తే పద్దెనిమిదే.

ఉదయం 9:10. తోట ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ కొలతల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఎదురుగా మేనేజరు, అంచనాలు వేసే ఆఫీసరు, చెట్లు కొలిచిన సర్వేయరు.

గుమ్మం దగ్గర బెంచీ మీద సర్వేయరు తల్లి. తెల్లవార్లూ రెప్ప వేయలేదు. కొడుకు లంచం తిన్నాడేమో. తినకపోయినా జైలు తప్పదేమో. పోయిన నెల వాడు కొత్త బండి తెచ్చి, వాయిదాల మీద కొన్నానన్నాడు. ఆమె గుచ్చి అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని భయం.

అంకెలన్నీ సర్వేయరువేనని మేనేజరు చేతులు దులుపుకున్నాడు. పుస్తకం అతనే స్వయంగా తెచ్చి తన చేతికిచ్చాడన్నాడు ఆఫీసరు. ఈ పుస్తకం తనది కాదన్నాడు సర్వేయరు. రాత మాత్రం తన చేతిరాతలాగే ఉందని ఒప్పుకున్నాడు.

సర్వేయరును అడిగింది ఇన్‌స్పెక్టర్.

"ఎన్ని చెట్లు కొలిచావు?"

"ఆరు వందలు మేడమ్. మూడు రోజులు."

"రాసిందెవరు?"

"నేనే. టేపు తిప్పడం, అక్కడే రాసుకోవడం."

ఇన్‌స్పెక్టర్ పేజీలన్నీ గబగబా తిరగేసింది. బెంచీ వైపు తిరిగింది.

"అమ్మా, ఆ మూడు రోజులూ మీవాడి బట్టలు ఉతికింది మీరేనా?"

ఏం చెబితే ఏం మెడకు చుట్టుకుంటుందో. చివరికి ఉన్నమాటే చెప్పింది.

"ఉతికితే వదిలిందా? ఒళ్లంతా పైన్ బంక. కిరసనాయిలుతో రుద్దాను. వీడు ముట్టిన గ్లాసు కూడా చేతికి అతుక్కునేది."

"మరి దీనికేదీ బంక?" పుస్తకం ఎత్తి చూపింది ఇన్‌స్పెక్టర్. "ఒక్క మరక లేదు. ఒక్క పేజీ అతుక్కోలేదు. ఇది తోట మొహమే చూడలేదు. ఫ్యాను కింద కూర్చుని రాసింది."

ఆఫీసరు వైపు చూసింది.

"మీ చేతికే ఇచ్చాడన్నారు. అసలుది ఎక్కడ పెట్టారు?"

10:25కి అతని సొరుగు అడుగున దొరికింది. పేజీలు విడదీయడానికి బ్లేడు కావాల్సివచ్చింది. సగటు పద్దెనిమిది.

"పద్దెనిమిదంటే ఎవరూ డబ్బు పెట్టరు మేడమ్. అందుకే ఇతని రాత దించి ఇంకో పుస్తకం రాశాను" అన్నాడు ఆఫీసరు, తల దించుకుని.

కొడుకును ఇక ఇంటికి తీసుకెళ్లమని తల్లికి చెప్పింది ఇన్‌స్పెక్టర్. ఆమె బెంచీ మీద నుంచి లేవబోయింది. కొడుకే వచ్చి రెక్క పట్టి లేపాడు.

"నువ్వు కూడా నన్ను అనుమానించావు కదమ్మా?"

ఆమె కాదనలేకపోయింది.