పేర్లు పడేటప్పుడు

"అయ్యో, సారీ. కాలా?"

"కాలే. నాదే."

చీకట్లో తన పాదం తొక్కిన అమ్మాయితో అతను అన్న మొదటి మాట అది. కాలేజీ ఫిల్మ్ క్లబ్ హాల్లో సినిమా అప్పుడే మొదలైంది. ఆమె ఫోన్ లైటు వేసుకుని సీటు వెతుక్కుంటోంది.

"కొంచెం కూర్చుంటారా? సినిమా నడుస్తోంది."

"ఎక్కడ? ఇంకా పేర్లే కదా పడుతున్నాయి."

అతని ప్రాణం ఉసూరుమంది. పేర్లు పడే ఆ కాసేపట్లోనే సినిమా అంతా ఉంటుందని నమ్మే మనిషి అతను. అందుకే క్లాసులో అందరూ అతన్ని 'టైటిల్స్' అంటారు. ఆమెను 'లేటు' అంటారు. ఎందుకో చెప్పక్కర్లేదు.

డిజైన్ మేడమ్‌కి ఈ గొడవేమీ తెలియదు. లేని సినిమాకి టైటిల్స్ తయారు చెయ్యమని ప్రాజెక్టు ఇచ్చి, ఇద్దర్నీ ఒక జట్టులో వేసింది.

అతను ఆమెను కూర్చోబెట్టి పాత సినిమాల టైటిల్స్ చూపించాడు. తాళాల గుత్తి కదిలినప్పుడల్లా పేర్లు రాలేది ఒకటి, తడి అద్దం మీద వేలితో రాసినట్టు వచ్చేది ఒకటి. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసేది. తను తెరను వదిలేసి ఆమెను చూస్తున్నానని అతనికి కొన్నాళ్ళకు గానీ తెలియలేదు.

"నీకివి నిజంగా నచ్చవా?" అని అడిగాడొక సాయంత్రం. బయట వాన. ఎడిటింగ్ రూమ్ కిటికీ సరిగ్గా పడక జల్లు లోపలికి కొడుతోంది.

ఆమె లేచి కిటికీ రెక్కను ఇంకోసారి నెట్టి చూసింది.

"మా అమ్మ ఒక సినిమాకి బట్టలు కుట్టింది. పేరు వేస్తామన్నారు. ఇంటిల్లిపాదీ బయల్దేరాం. నాన్న స్కూటర్ పెట్టొచ్చేసరికి పేర్లు పడిపోయాయి. అమ్మ ఏమందో తెలుసా? పర్లేదు, అంది. మళ్ళీ వెళ్దామనుకునేలోగా సినిమా ఎత్తేశారు. అప్పట్నుంచీ పేర్లు పడేటప్పుడు లోపల కూర్చోలేను. కావాలనే లేటుగా వెళ్తాను."

అతను కుర్చీని కంప్యూటర్ ముందుకు లాక్కున్నాడు. "మన సినిమాకి మీ అమ్మ అన్న ఆ 'పర్లేదు'నే పేరుగా పెడదాం" అన్నాడు.

కీబోర్డు మీద కొట్టాడు. యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌కీ మన ఒత్తులకీ పొసగదు. 'ర' కింద బుద్ధిగా ఉండాల్సిన 'ల' ఒత్తు లేచొచ్చి పక్కన కూర్చుంది. పర్‌లేదు.

"మా అమ్మంత తేలిగ్గా అనలేకపోతోంది నీ కంప్యూటర్" అని ఆమె పగలబడి నవ్వింది. పేర్లు పడటం సంగతేమో గానీ, అతను మాత్రం అక్కడే పడిపోయాడు.

"కుడదామా?" అంది నవ్వాపుకుని.

నీలం గుడ్డ, ఎర్ర దారం. ఒక్కో కుట్టుకీ ఒక్కో ఫోటో. అన్నీ కలిపి నడిపిస్తే పేర్లు వాటంతటవే కుట్టుకుంటున్నట్టుంటుంది. కుట్టు ఆమెది, కెమెరా అతనిది. దర్శకుడిగా పడే పేరూ అతనిదే. సూది గుచ్చుకున్నప్పుడల్లా ఆమె "పర్లేదు" అనేది, అచ్చం వాళ్ళమ్మలాగే. అతను నమ్మకుండా ప్లాస్టర్ తెచ్చేవాడు. అమ్మ పేరు కూడా కుట్టించి, మధ్యలో వేద్దామన్నాడు. ఆఖరి ఎడిటింగ్ అతనే చేశాడు.

ప్రాజెక్టులు చూపించే రోజు ఆమె అందరికంటే ముందొచ్చింది. పక్క సీటు మీద అమ్మ కోసం బ్యాగు పెట్టింది. అమ్మ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది.

"కొంచెం ఆగుదాం మేడమ్."

"అందరూ వెయిట్ చేస్తున్నారమ్మా" అంటూ మేడమ్ లైట్లు ఆర్పించింది.

గుడ్డ మీద మొదటి కుట్టు పడింది. మళ్ళీ అదే జరుగుతోందని ఆమెకు ఏడుపొచ్చింది. మొదట పడ్డ పేరు అతనిది. దర్శకుడి పేరు ఆఖర్న కదా పడాలి? తర్వాత ఆమెది. తలుపు తెరుచుకుంది. చీకట్లో ఎవరి కాలో తొక్కి, "సారీ బాబూ" అంటూ అమ్మ వచ్చి కూర్చుంది.

"పేర్లు పడిపోయాయా?"

తెర మీద 'పర్లేదు' కుట్టుకుంది. ఒత్తు చివర్న వచ్చి తన చోట్లో సర్దుకుంది. ఆ తర్వాత, దర్శకుడి పేరు పడాల్సిన చోట, 'బట్టలు' అని పడి, కింద అమ్మ పేరు ఒక్కో అక్షరమే వచ్చి నిలిచింది. ఎంత మెల్లగా చదివేవాళ్ళయినా మళ్ళీ ఇంకోసారి చదువుకునేంతసేపు ఉంది. అమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. లైట్లు వెలిగేదాకా వదల్లేదు.

అయ్యాక ఆమె అతన్ని వరండాలో పట్టుకుంది.

"ఎందుకలా మార్చావు?"

"మీ ఇంట్లో అందరూ లేటే కదా. రిస్కెందుకని."

"మన పేర్లు ఎవరూ సరిగ్గా చూడనే లేదు."

"ఇంకో కార్డు వేయిద్దాం. ఇద్దరి పేర్లూ పక్కపక్కన."

"టైటిల్ కార్డా?"

"కాదు."

అర్థమయ్యేసరికి ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"తిన్నగా చెప్పొచ్చుగా."

"నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"నాకూ. కానీ ముందు చదువు అవనీ."

"అవనీ. లేటు నాకు అలవాటైపోయింది."

వెనక ఎవరో దగ్గారు. అమ్మ. ఎప్పట్నుంచి నిలబడి ఉందో తెలియదు. అతను గబగబా చొక్కా సర్దుకున్నాడు. బట్ట కొలిచే చూపుతో అమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎలా ఉన్నాడమ్మా?" కూతురు చెవిలో అడిగింది.

అమ్మ నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకుంది.

"పర్లేదు" అంది.