హసింతా అడిగిన కొమ్మ

ఆదివారం పొద్దున్నే పెరట్లోంచి ఫిదెన్సియో పెట్టిన కేకకి ఎర్మీనియా చేతిలోని మొక్కజొన్న రొట్టె పెనం మీద పడకుండా నిప్పుల్లో పడింది. ఆ కేక ఎందుకో ఆవిడకు తెలుసు. తెలిసీ ఏమీ ఎరగనట్టు వంటింట్లోంచే అడిగింది.

"ఏమైందయ్యా, తేలు గానీ కుట్టిందా?"

"నా చెట్టుని కోసేశారే! కొమ్మకి కొమ్మ ఎత్తుకుపోయారే!"

కోసింది ఆవిడే. మొగుడు లేవకముందే మాంసం కోసే కత్తి పట్టుకెళ్ళి కోసింది. ఆ కొమ్మ ఇప్పుడు పాత దుప్పటి కప్పుకుని ఆవిడ మంచం కింద హాయిగా పడుకుని ఉంది.

కాదెరేతా ఊళ్ళో జెముడు లేని ఇల్లుండదు. కానీ ఫిదెన్సియో పెంచిన గారంబుయో జాతి జెముడుకి ఉన్న పేరు వేరు. పొట్టి మాను మీంచి లెక్కలేనన్ని కొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇంటి కప్పుని దాటి లేచాయి. కొత్తవాళ్ళు చూస్తే జెముడంటే నమ్మరు, చెట్టే అనుకుంటారు. బస్సు నడిపే రోజుల్లో కొండల్లోంచి మూరెడు కొమ్మగా తెచ్చాడు. దానికి సీటిచ్చి ఓ ముసలావిణ్ణి దారి పొడుగునా నిలబెట్టాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. చిన్న నేరేడుపళ్ళలాంటి కాయలు పండే రోజుల్లో పిట్టలకంటే ముందు లేస్తాడు. కూతురి పుట్టినరోజు మర్చిపోతాడు గానీ, ఏ కొమ్మ ఏ ఏడు చిగిర్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఇంట్లో గొడవ కూడా ఆ కూతురితోనే. హసింతా పెళ్ళి వచ్చే శనివారం. పెళ్ళికొడుకు లియాండ్రో బుద్ధిమంతుడు, కాఫీ మిల్లులో ఉద్యోగం. అతను చేసిన తప్పల్లా హలాపాలో పుట్టడమే. ఆ ఊళ్ళో ఎప్పుడు చూసినా మబ్బు, లేకపోతే తుంపర. "అక్కడ పెళ్ళికి ఉతికిన చొక్కా బారసాలకి ఆరుతుంది" అని ఫిదెన్సియో ఎకసెక్కం. చర్చిలో పెళ్ళి చేసి పంపిస్తాను గానీ, ఆ ఊళ్ళో మాత్రం అడుగు పెట్టనని భీష్మించుకు కూచున్నాడు.

క్రితం వారం హసింతా నెమ్మదిగా అడిగింది. "నాన్నా, ఒక్క కొమ్మ ఇవ్వవా? అక్కడ పెంచుకుంటాను."

"కుళ్ళబెట్టడానికా? ఇవ్వను."

అంతే. పిల్ల గదిలోకి పోయి ఏడ్చింది. అప్పట్నుంచీ తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర కూచుని, "అమ్మా, ఆయన్ని ఉప్పు ఇటు జరపమను" అని ఒకరూ, "ఉప్పు ఆవిడ చేతికి దగ్గర్లోనే ఉందని చెప్పు" అని ఒకరూ. ఇద్దరి మధ్యా ఎర్మీనియా ప్రాణం విసిగిపోయింది. కన్నతండ్రి మొహం చూడకుండా పిల్ల అత్తారింటికి పోతుందేమోనన్న దిగులు ఆవిడకి అన్నం సయించనివ్వలేదు. అందుకే కత్తి పట్టింది.

"ఇది మేక పనే!" ఫిదెన్సియో తేల్చేశాడు. "తొమాసా మేక! గోడ దూకి తినేసింది!"

తొమాసా పక్కింటావిడ, చర్చిలో పేరు పెట్టిన నాడు హసింతాని ఎత్తుకున్న జ్ఞానతల్లి. గోడకు అవతల ఉన్నా ఆవిడకు వినపడని మాట ఉండదు. మరుక్షణం పెరట్లో ప్రత్యక్షమైంది.

"ఏంటన్నయ్యా, నా రాణిని అంటున్నావు? దానికి పళ్ళున్నాయి గానీ కత్తి లేదు!"

"చూడు చెల్లెమ్మా, నువ్వే చూడు!"

తొమాసా కళ్ళు చికిలించి చెట్టు చుట్టూ తిరిగింది. గోడ వైపుకి పోయి అక్కడే ఆగింది.

"అటుపక్క గాటుకి ఇంకా తడి ఆరలేదు, అది ఈ పొద్దుటిది. మరి ఇటుపక్క ఇదేంటి? ఎండి పెచ్చు కట్టేసింది. ఇది నెల కిందటిది. నా మేక నెల కిందట ఓ కొమ్మ రుచి చూసి, బాగా ఆలోచించుకుని, ఇవాళ మళ్ళీ వచ్చిందంటావా?"

ఎర్మీనియా వంటింట్లోంచి బయటికొచ్చింది. హసింతా కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తడిది నాది" అంది ఎర్మీనియా. లోపలికి పోయి దుప్పటి మూట తెచ్చి మొగుడి ముందు పెట్టింది. "అవునయ్యా, కోశాను. నా కూతురు అడిగింది. నువ్వివ్వకపోతే నేనిస్తాను. ఏం చేస్తావో చెయ్యి!"

ఫిదెన్సియో మొహం కందగడ్డయింది. మూట విప్పి, కొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"ఎండ తగిలే వైపు గుర్తేదే?"

ఎర్మీనియా నాలిక్కరుచుకుంది. హడావిడిలో మర్చిపోయింది.

"ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో పెరిగి, గుర్తు పెట్టకుండా కొమ్మ కోస్తావా? నీడన పెరిగిన వైపుని తీసుకెళ్ళి ఎండకి తిప్పితే కాలి చావదూ? పసిపిల్లలు కూడా ఎరుగుదురు!"

"సరే, నాకు బుద్ధి లేదు. ఆ ఎండిన గాటు ఎవరిది?"

"మేకనడుగు."

"నాన్నా" అంది హసింతా.

వారం రోజుల తర్వాత విన్న పిలుపు. ఫిదెన్సియో ఎవరి వంకా చూడకుండా మేడమెట్లెక్కాడు. నీళ్ళ ట్యాంకు వెనకనుంచి గోనెసంచి తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. లోపల చెయ్యంత పొడవు కొమ్మ. కోసిన చోట శుభ్రంగా ఎండి గట్టిపడింది. ఒక పక్క పైనుంచి కిందిదాకా సున్నంతో గీత.

"ఇది ఎప్పుడు కోశావు నాన్నా?"

"లియాండ్రో వాళ్ళు రొట్టెల బుట్టతో నిన్ను పెళ్ళికి అడగడానికి వచ్చారే, ఆ మధ్యాహ్నం. గాటు ఆరకుండా నాటితే కుళ్ళిపోతుంది కదా. పెళ్ళినాటికి సిద్ధంగా ఉండాలని."

"మరి అడిగితే ఇవ్వనన్నావేం?"

"చేతిలో పెడితే వెళ్ళిపోతావు కదే."

హసింతా సంచి కింద పెట్టి తండ్రిని చుట్టేసింది. ఎర్మీనియా కొంగులాంటిదేదీ లేక వంటింటి గుడ్డతోనే కళ్ళొత్తుకుంది. పిల్ల వెళ్ళడానికి అందరికంటే ముందు ఒప్పుకున్నవాడు ఈయనేనని తెలిసి, ఇన్నాళ్ళూ తను రాయితో కాపురం చేస్తున్నాననుకున్నందుకు ఆవిడకి సిగ్గేసింది.

"జాగ్రత్తగా పెంచుతాను నాన్నా" అంది హసింతా వెక్కుతూ. "రోజూ నీళ్ళు పోస్తాను."

ఫిదెన్సియో గభాల్న విడిపించుకున్నాడు.

"రోజూ నీళ్ళా! ఆ వాన చాలదూ దానికి? చూరు కింద పెట్టాలి. సగానికి సగం ఇసుక కలపాలి. నీ వల్ల కాదు గానీ, నువ్వు దాన్ని ముట్టుకోకు. నేనొచ్చి నాటుతాను."

"ఎక్కడికొస్తావన్నయ్యా?" తొమాసా అమాయకంగా అడిగింది.

"హలాపాకి! ఇంకెక్కడికి? ఏమే, మీ ఇంటికి ఎండ ఏ పక్కనుంచి వస్తుంది?"

హసింతా ఏడుస్తూనే నవ్వేసింది. "తెలీదు నాన్నా. నేను వెళ్ళినప్పుడెప్పుడూ రాలేదు."

"అయితే వచ్చేదాకా అక్కడే ఉండి చూస్తాను" అన్నాడు ఫిదెన్సియో.