పొద్దున్నే మోగే ఫోను

పొద్దున్నే తిట్లు వినడానికి జీతం తీసుకునే మనిషి ఆ ఊళ్ళో అతనొక్కడేనేమో. అయితే ఆ తిట్లు అతన్ని కాదు. ఇళ్ళు తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చే ఒక కంపెనీ, వాయిదా ఆలస్యమైన వాళ్ళను ఫోన్లలో ఎలా బెదిరిస్తోందో వినడానికి వినియోగదారుల రక్షణ శాఖ ఆ రికార్డింగులన్నీ తెప్పించింది. హెడ్‌ఫోన్లు తగిలించుకుని, హద్దు దాటిన ప్రతి మాటా గుర్తుపెట్టడం అతని పని. మధ్యాహ్నం దాకా అతన్ని పలకరించే ప్రాణి ఉండదు.

ఆ రోజు కొత్త రికార్డింగు పెట్టగానే ముందు కుట్టుమిషను చప్పుడు వినిపించింది. కాఫీ కప్పు అందుకోబోయిన చెయ్యి అక్కడే ఆగింది. అమ్మానాన్నలు పోయాక ఆ మిషను తొక్కే అక్క అతన్ని ఇంతవాణ్ణి చేసింది.

"ఇల్లు వేలం వేస్తే రోడ్డు మీద కూర్చుని కుట్టుకుంటారా?" అంటున్నాడు కంపెనీ కుర్రాడు.

"కడతాను నాయనా. గొంతు బొంగురుగా ఉందేం? జలుబా?" అది అక్క గొంతే.

"నా జలుబు మీకెందుకండీ. ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"తమ్ముడున్నాడు. పెద్ద ఆఫీసరు. వాడికి తీరికుండదు, వాడి నంబరు మాత్రం అడక్కు. రేపూ ఇదే వేళకు చేస్తావా?"

అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సొంతవాళ్ళ ఫైలు ముట్టుకోకూడదన్నది శాఖలో రూలు. పై అధికారిణికి సంగతి చెప్పి, ఫైలు ఆవిడకు అప్పగించి, తిన్నగా అక్క దగ్గరికి వెళ్ళాడు.

అక్క ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతోంది.

"ఇల్లు పోయేదాకా వస్తే నాతో ఒక్క మాట చెప్పవా అక్కా?"

"ఎవరు చెప్పార్రా నీకు?"

"అది తర్వాత. చెప్పకుండా వడ్డీ పెంచడం ఆ కంపెనీ తప్పు. ఊళ్ళో అందరూ మా ఆఫీసుకొచ్చి మొరపెట్టుకుంటున్నారు. నువ్వెందుకు రాలేదు?"

అక్క దారం పళ్ళతో తెంపింది. "ఆఫీసు టైములో ఫోన్ చెయ్యకు, ఏమన్నా ఉంటే మెసేజ్ పెట్టమన్నావు. నాకేమో మిషను తొక్కడమొచ్చు గానీ, ఆ బొత్తాలు నొక్కడం రాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నువ్వు రచ్చలోనే ఉండిపోయావు."

అతను తల దించుకున్నాడు. మెసేజ్ పెట్టమన్నట్టు అతనికి గుర్తు కూడా లేదు. అక్క మాత్రం మరచిపోలేదు.

తర్వాత విచారణ రోజున అతను అధికారుల వరసలో కాకుండా అక్క పక్కన, ఫిర్యాదుదారుల బెంచీ మీద కూర్చున్నాడు. వేలం ఆపాలనీ, పెంచిన వడ్డీ వెనక్కివ్వాలనీ, బెదిరింపు ఫోన్లు మానాలనీ ఆర్డరు వచ్చింది. అక్క ఊపిరి పీల్చుకుని చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. కానీ మెట్లు దిగుతూ ఆగిపోయింది.

"అయితే ఆ అబ్బాయి ఇక చెయ్యడా?"

"ఎవరు?"

"అదే, రోజూ పొద్దున చేసేవాడు."

"అంతలేసి మాటలన్నవాడి కోసం బెంగేమిటక్కా?"

"తిట్టేవాడే, కాదనను. కానీ తెల్లారి నేను లేచానో లేదో చూసేది వాడొక్కడేగా."

అక్క చెయ్యి పట్టుకుని మిగతా మెట్లు దించాడు. వేలం నుంచి ఇల్లు తప్పింది గానీ, ఆ ఇంట్లో మనిషి ఇంతకాలం ఒంటరిగానే ఉందని అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆఫీసులో హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, అదే వేళకు ఫోన్ చేశాడు. అవతల మిషను చప్పుడు ఆగింది.

"ఎవరూ?"

"నేనేనక్కా. ఊరికే చేశాను."



"గొంతు అదోలా ఉందేంరా? జలుబా?" అంది.

"అవునక్కా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "రేపు కూడా ఇదే వేళకు చేస్తాను."