మొదటి దొప్ప

మొగుడి మీద అనుమానం వస్తే మా ఊరి ఆడవాళ్ళు పక్కింటి వైపు చూస్తారు. నేను కొండ వైపు చూసేదాన్ని. అరకు సంత నుంచి గంట నడిస్తే మా ఊరు. ఊరికి పైన, కాఫీ తోట చివర, ఒక జీలుగు కల్లు చెట్టుంది. నా సవతి అదే అనుకునేదాన్ని.

నవ్వకండి. నా మొగుడు ధర్మ పొద్దున్నే లేచి నా మొహం చూసేవాడు కాదు, ఆ చెట్టు గెల చూసేవాడు. వెదురు నిచ్చెన ఎక్కి, గెల కొస పల్చగా చెక్కి, కుండ కట్టి దిగేవాడు. సాయంత్రం మళ్ళీ ఎక్కేవాడు. రోజూ చెక్కకపోతే గెల ఎండిపోతుందట. ఇంట్లో నేను ఎండిపోతున్న సంగతి మాత్రం ఆ మనిషికి పట్టలేదు. కాఫీ పళ్ళు ఎర్రబడి రాలిపోతుంటే నేనొక్కదాన్నే బుట్ట కట్టుకుని తోటంతా తిరిగేదాన్ని. మమ్మల్ని పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. పిలిస్తే ధర్మ తాగి పందిట్లో పడతాడు కదా. మా అన్న వచ్చినా గుమ్మం బయటే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేవాడు. నా కూతురు, చిన్న గుంట, అంగన్‌వాడీకి వెళ్తే పిల్లలు దాని నాన్నలా తూలి చూపించేవారు. అది ఇంటికొచ్చి అదే ఆట ఆడేది. అర్థం తెలియక నవ్వేది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది బేబి ఒక్కదాన్నే.

బేబి ధర్మ మొదటి పెళ్ళాం. నాకన్నా ముందు ఆ ఇంట్లో పొయ్యి రాజేసిన మనిషి. ఒక వానాకాలం సాయంత్రం మొగుణ్ణి ఇంటికి పిలుచుకురావడానికి చెట్టు దగ్గరకు వెళ్ళి, బురదలో జారి, రాయికి తల కొట్టుకుంది. ధర్మ పక్కనే పడున్నాడు. మత్తులో ఆమె మూలుగు వినపడలేదు. తెల్లారి లేచి, "పద, ఇంటికెల్దాం" అని శవాన్ని కుదిపాడట. ఈ సంగతి పొరుగింటి సోములమ్మత్త నాకు పెళ్ళయ్యాక చెప్పింది. ముందే చెప్తే నేను చేసుకోనని కాబోలు.

మా వైపు కల్లు కుండ దించితే మొదటి దొప్ప చచ్చిపోయినవాళ్ళది. అడ్డాకు దొప్పలో పోసి, చెట్టు మొదట్లో రాయి మీద పెట్టి, పేరుతో పిలిచాకే మనం తాగాలి.

"ఆ దొప్ప బతికున్నోలు తాగితే ఆల్లలో కలిసిపోతారే," అనేది సోములమ్మత్త. నేను నవ్వేసేదాన్ని.

అందరూ తాతల పేర్లు చెబుతారు. ధర్మ మాత్రం "బేబీ, తాగు" అనేవాడు. ఆ గొంతులో ఎంత మెత్తదనమో. నాతో ఒక్కసారైనా అలా మాట్లాడలేదు. నేను ఏడ్చింది ఆయన తాగుడుకో, ఆ పిలుపుకో ఇప్పటికీ చెప్పలేను.

ఆ సాయంత్రం పొగమంచు తొందరగా దిగింది. గుంటని సోములమ్మత్త దగ్గర వదిలి, ఎప్పటిలాగే మొగుణ్ణి పిలుచుకురావడానికి కొండెక్కాను. సిల్వర్ ఓక్ చెట్లు నాలుగడుగుల దూరంలో మాయమైపోతున్నాయి. తడిసిన ఆకుల వాసన, దాని వెనకే పులిసిన కల్లు వాసన. మిరియాల తీగల మీంచి నీళ్ళు బొట్టు బొట్టుగా కారుతున్నాయి. ఆ చప్పుడు తప్ప ఒక్క పిట్ట కూత కూడా లేదు.

ధర్మ అప్పుడే కుండ దించాడు.

"మావా, ఇంటికి పద. సీకటడిపోతంది," అన్నాను. నా రోజువారీ పాట.

"ఎల్తాన్లే. నువ్వెల్లు." ఆయన రోజువారీ జవాబు.

దొప్ప నింపి రాయి మీద పెట్టాడు.

"బేబీ, తాగు."

నాకు ఒళ్ళు భగ్గుమంది. చచ్చినదానికి అంత ముద్దు, బతికి ఎదురుగా నిలబడ్డదానికి "నువ్వెల్లు"నా? వంగి ఆ దొప్ప అందుకుని గటగటా తాగేశాను. పుల్లగా ఉంది. గొంతులో చలి దిగినట్టు దిగింది.

"సూడు, తాగేసినాను. ఏటి సేత్తాది నీ బేబి?"

ధర్మ తలెత్తాడు. మొహం పాలిపోయింది.

"బేబీ..." గుసగుసలాడాడు. "ఎప్పుడొచ్చినావు?"

మత్తు అనుకుందామంటే, ఆ సాయంత్రం ఆయన నోట్లో ఇంకా చుక్క పడలేదు.

"నాను సిట్టిని."

వినలేదు. నన్నే చూస్తూ వెనక్కి జరుగుతున్నాడు...

అప్పుడు కింద బాటలోంచి ఒక ఆడగొంతు పిలిచింది.

"మావా, ఇంటికి పద. సీకటడిపోతంది."

నా మాటలు... నా గొంతు.

ధర్మ లేచాడు. నిండు కుండ అక్కడే వదిలేశాడు. నేను గొంతు పోయేలా పిలిచినా కదలని మనిషి, ఆ ఒక్క పిలుపుకి లేచి, తూలకుండా మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు. నిజం చెప్తున్నాను, నాకు భయం కన్నా ముందు కుళ్ళు పుట్టింది.

వెంట పరుగెత్తాను. ముందు ఇద్దరు నడుస్తున్నారు. ఒకరు ధర్మ. రెండో మనిషికి పసుపు చీర. ఆ వేళ నేను కట్టుకున్న చీర... కిందికి చూసుకున్నాను. నా ఒంటి మీదా ఉంది. నా అడుగులు బురదలో పడుతున్నాయి. చప్పుడు రావడం లేదు.

వాళ్ళు సోములమ్మత్త గుమ్మంలో ఆగి గుంటని ఎత్తుకున్నారు. నేను చేరేసరికి మా తలుపు గడియ పడింది. లోపల చోడి అంబలి ఉడుకుతున్న వాసన. ధర్మ నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

"తలుపు తియ్యి మావా. నానే."

నవ్వు ఆగింది.

"ఎల్లిపో బేబీ," అన్నాడు తలుపు అవతల నుంచి. "నీ దొప్ప నీకు పెడతాన్లే. ఇంటికి రాకు."

తలుపు సందులోంచి నా గుంట తొంగిచూసింది. కెవ్వుమని, "అమ్మా" అంటూ లోపలికి పరుగెత్తింది. ఎవరో ఎత్తుకున్నారు. ఏడుపు ఆగిపోయింది.

కేక విని సోములమ్మత్త సెల్‌ఫోన్ లైటు పట్టుకుని బయటికొచ్చింది. వెలుగు నా మొహం మీద పడి, ఆగకుండా దాటిపోయింది.

"ఎవులూ నేరు," అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ చలికాలం వచ్చింది. ధర్మ తాగుడు మానేశాడు. వాళ్ళని పెళ్ళిళ్ళకి పిలుస్తున్నారు. మా అన్న లోపల కూర్చుని అన్నం తిని వెళ్తున్నాడట. కాఫీ కోతకొచ్చిన ఆడవాళ్ళు ఈ చెట్టు పక్కనుంచి పోతూ, చిట్టి మొగుణ్ణి ఎంత బాగా దారిలో పెట్టుకుందో అని చెప్పుకుంటారు. నాకోసం మానని తాగుడు దానికోసం మానేశాడు. నా పేరు పెట్టుకుని, నా గుంటని చంకనెత్తుకుని అది తిరుగుతుంటే, నేను ఇక్కడ రాయి పక్కన కూర్చుని వింటున్నాను.

అయినా ధర్మ సాయంత్రం కాగానే వస్తాడు. నిచ్చెన ఎక్కి ఒక్క దొప్పకి సరిపడా దించుతాడు. చేతికి అంటినది కూడా నాకడు, ఆకుకి తుడిచేస్తాడు. రాయి మీద పెట్టి "బేబీ, తాగు" అంటాడు.

నిన్న మాత్రం దొప్ప పెట్టి, ఊరి వైపు ఒకసారి చూసుకుని, బాగా కిందికి వంగాడు.

"సిట్టీ... తాగు," అన్నాడు.

ఎంత మెత్తగా అన్నాడో.

అంతలో కింద బాటలోంచి అది పిలిచింది. ధర్మ గబుక్కున లేచి వెళ్ళిపోయాడు.